నల్ల తురాయి

పొద్దున్నే ఆరింటికి బూట్లు తొడుక్కోవడంతో మొదలవుతుంది ఆమె పని. మోకాళ్ల దాకా వచ్చే రబ్బరు బూట్లు. వాటిని బోర్లించి, రెండుసార్లు దులిపి, లోపల తేలూ జెర్రీ లేవని చూసుకుంటే గానీ కాలు పెట్టదు. బూట్లు పెట్టే అరుగు పైన, గోడ మీద ఎర్ర రంగుతో ఒక మాట రాసి ఉంటుంది: 'ముందు బాగున్నవాటి దగ్గరికి, తర్వాత జబ్బువాటి దగ్గరికి.' ఎప్పుడు ఎవరు రాశారో ఫారంలో ఎవరికీ గుర్తులేదు. ఆమె కూడా దాన్ని రోజూ చదవదు. చదవక్కర్లేదు. పద్నాలుగేళ్లుగా ఒక్క పూట కూడా ఆ మాట తప్పి నడిచింది లేదు.

రకరకాల జాతుల కోళ్లని పెంచి, గుడ్లూ పిల్లలూ ఇచ్చే ఫారం అది. షెడ్లు మూడు. గేటు దగ్గరి పెద్ద షెడ్డులో మూడు వేల తెల్ల కోళ్లు, రోజూ గుడ్డు పెట్టే రకం. నడిమి షెడ్డులో ఎనిమిది వందల ఎర్రవి. అన్నిటికంటే చివర, నీటి గుంట పక్కన, చిన్న షెడ్డులో అరవై నాలుగు నల్లవి. ఈ అరవై నాలుగూ ఆమె ప్రాణం. అందుకే ఫారంలో అందరూ ఆమెని నల్లకోళ్లక్క అంటారు. మనిషి చామనఛాయ, నలుపంతా కోళ్లదే. ముక్కు నలుపు, కాళ్లు నలుపు, నెత్తిన తురాయి నలుపు, కోస్తే మాంసం నలుపు, ఆఖరికి ఎముక కూడా నలుపే. కొత్తగా వచ్చినవాళ్లెవరైనా "ఇవి కోళ్లా, కాకులా అక్కా?" అని వేళాకోళమాడితే ఆమె ఊరుకోదు. "కాకులే నాయనా. ఈ కాకి గుడ్డు కోసమే జనం నెల ముందు పేరు రాయించుకుంటున్నారు. నీ పేరు రాయమంటావా?" అంటుంది.

పన్నెండేళ్ల కిందట పొదిగే యంత్రం చెడిపోయి ఆ జాతి గుడ్లు దాదాపు అన్నీ మురిగిపోతే, మిగిలిన పదకొండు గుడ్లని తన ఇంట్లో పెట్టకోడి కింద పెట్టి పొదిగించింది ఆమే. ఇప్పుడున్నవన్నీ ఆ పదకొండు గుడ్ల సంతతి. ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పుకోదు. చెప్పాల్సిన అవసరం లేదు, ఆమె ఆ షెడ్డు తలుపు గడియ తీసే పద్ధతి చూస్తేనే తెలిసిపోతుంది.

ఆ సోమవారం కూడా గడియ అలాగే తీసింది, చప్పుడు కాకుండా. ఎంత మెల్లగా తీసినా దొరకి వినబడుతుంది. దొర అంటే ఆ గుంపులో పెద్ద పుంజు. గడియ కదిలీ కదలకముందే ఎగిరి దూలమెక్కి కూస్తాడు. ఆ రోజు కూత రాలేదు. మూలన ఈకలు వదులు చేసుకుని ఒంటికాలి మీద నిలబడి ఉన్నాడు.

"ఏరా దొరా, అలిగావా?" అంటూ దగ్గరికెళ్లి అరచేతిలో జొన్నలు పట్టింది. రెండు గింజలు తిని ముఖం తిప్పుకున్నాడు. "అబ్బో, ఎంత కోపమో! సర్లే, నీ ఇష్టం" అని లేచింది. గూళ్లలో చెయ్యి పెట్టి గుడ్లు తీసింది. రోజూ పదిహేనుకి తగ్గవు, ఆ రోజు ఎనిమిదే. అందులో ఒకటి పెంకు లేకుండా మెత్తగా చేతికి తగిలింది. వారంరోజులుగా గుంటలోకి ఎక్కణ్ణుంచో అడవి బాతులొచ్చి దిగుతున్నాయి; వాటి గోలకి బెదిరి ఉంటాయి అనుకుంది. ఆ మెత్తటి గుడ్డుని తీసి గుంటలోకి విసిరేసింది.

కోళ్లని చూడ్డంలో ఆమెది ఒకటే లెక్క: తురాయి రంగు. తురాయి ఎర్రగా ఉందంటే ఒంట్లో బాగున్నట్టు. పాలిపోతే పురుగులున్నట్టు. నీలం తిరిగిందంటే ఇక ఆశ వదులుకోవలసిందే. షెడ్డు తలుపు దగ్గర నిలబడి ఒక్క చూపుతో మూడు వేల తురాయిల్నీ చూడగలదు, ఏ వరసలో ఏ కోడికి బాగాలేదో వేలు పెట్టి చూపగలదు. డాక్టర్లే నోరెళ్లబెట్టేవాళ్లు. నల్లవాటిలో మాత్రం చూడ్డానికేముంది? నలుపు నలుపే. అవి జబ్బు పడినట్టు ఆమె ఎప్పుడూ ఎరగదు. అందుకే గోడ మీది మాట ప్రకారం ముందు వాటి షెడ్డే. తర్వాత ఎర్రవి. ఆఖర్న, తుమ్మితే ఊడిపడే తెల్లవి. ఒక షెడ్డు నుంచి ఇంకో షెడ్డుకి వెళ్లేటప్పుడు గుమ్మంలో గోనెపట్టా మీద బూట్లు తుడుచుకుంటుంది. బూట్లు ముంచే మందు నీళ్ల తొట్టి గేటు దగ్గర ఒక్కటే ఉంది.

ఆ రోజు తెల్ల షెడ్డు తలుపు తియ్యగానే ఆమె కాళ్లు అక్కడే ఆగిపోయాయి. రెండో వరసలో ఏడు కోళ్లు తలలు వేలాడేసి పడి ఉన్నాయి. తురాయిలు సిరా పోసినట్టు నీలం. కాళ్ల మీద ఎర్రటి మచ్చలు. పక్కనున్న కోళ్లు మెడలు ముడుచుకుని, కళ్లు మూసుకుని, ఉలుకూ పలుకూ లేకుండా కూర్చున్నాయి. మూడు వేల కోళ్లున్న షెడ్డు అంత నిశ్శబ్దంగా ఉండటం ఆమె ఎప్పుడూ ఎరగదు.

"గడియారం బాబూ!" అని అరిచింది.

గడియారం అంటే సూపర్‌వైజరు. మాటకి ముందొకసారి, తర్వాతొకసారి మణికట్టు చూసుకునే అలవాటు వల్ల ఆ పేరు పడింది. పరిగెత్తుకొచ్చి, చూసి, మణికట్టు చూసుకున్నాడు. "ఆరూ నలభై. రాత్రి పదింటికి నేను చూసినప్పుడు బానే ఉన్నాయే! ఎండదెబ్బేమో."

"ఎండదెబ్బకి కాళ్లకి మచ్చలొస్తాయా? డాక్టరమ్మని పిలవండి. ఇప్పుడే."

డాక్టరమ్మకి ముప్ఫై ఏళ్లుండవు. ముక్కుకీ మూతికీ గుడ్డ కట్టుకుని లోపలికెళ్లి, చచ్చినవాటి గొంతుల్లో దూదిపుల్లలు పెట్టి తీసి, సీసాల్లో వేసుకుని, ఎవరితోనూ ఎక్కువ మాట్లాడకుండా వెళ్లిపోయింది. వెళ్తూ వెళ్తూ గేటు దగ్గర తన చెప్పులు విప్పి సంచీలో కట్టి పడేసి, వట్టి కాళ్లతో బండెక్కింది. 

మంగళవారం మధ్యాహ్నానికి తెల్లవి నాలుగు వందలు పోయాయి. ఎర్రవి అరవై. చనిపోయినవాటిని సంచుల్లోకి ఎత్తలేక ఇద్దరు కూలీలు మానేసి వెళ్లిపోయారు. నల్ల షెడ్డులో ఒక్కటంటే ఒక్కటి పడలేదు. ఆమె పొద్దున్నించీ నాలుగుసార్లు వెళ్లి చూసింది. దొర ఇవాళ దూలమెక్కాడు. కూత బొంగురుగా ఉంది గానీ, కూత కూతే కదా. జొన్నలు పిడికెడు తిన్నాడు.

గడియారం ఫోనులో ఎవరో పైవాళ్లతో పొంగిపోతూ మాట్లాడుతున్నాడు. "మన నల్లజాతికి చీమ కుట్టినట్టు కూడా లేదు సార్! పక్కపక్క షెడ్లే, అదే దాణా, అదే నీళ్లు. చెప్పాను కదా సార్, దాని రక్తంలోనే ఉంది!"

మూడింటికి డాక్టరమ్మ మళ్లీ వచ్చింది. ఈసారి ఒంటి నిండా తెల్ల తొడుగు. చేతిలో కాగితం. బర్డ్ ఫ్లూ. ఫారంలో ఉన్న ప్రతి కోడినీ రేపు చంపెయ్యాలి. చుట్టూ కిలోమీటరు లోపల ఇళ్లలో ఉన్నవాటిని కూడా. రేపటినించి పనివాళ్లెవరూ పదిరోజుల దాకా గేటు దాటకూడదు.

ఆమె ఇంకా అర్థం కానట్టు చూసింది. "తెల్లవాటినీ ఎర్రవాటినీ కదా మేడమ్?"

"అన్నిటినీ అమ్మా."

"నల్లవాటికి రాలేదుగా! ఒక్కటి తుమ్మిందా, ఒక్కటి మెడ వాల్చిందా? కావాలంటే మీరే వచ్చి చూడండి."

డాక్టరమ్మ మూతి గుడ్డ సర్దుకుంది. "కొన్ని జాతులు గట్టివి, నిజమే. ఒక జాతిలో వందకి వందా పోతే, ఇంకో జాతిలో సగం కూడా పోవు. కానీ చావకపోవడం వేరు, రాకపోవడం వేరు."

"అదేం మాట మేడమ్? బతికున్నదాన్ని చంపడానికి ఏదో ఒక మాట కావాలి కాబట్టి అంటున్నారు." ఆమె నల్ల షెడ్డు వైపు చెయ్యి చూపించింది. "ఇలాంటివి ఈ చుట్టుపట్ల ఇంకెక్కడా లేవు. ఈ గట్టి జాతిని దాచిపెట్టుకోవాల్సింది పోయి గొయ్యి తీసి పూడుస్తారా? ఇదేం న్యాయం?"

 ఆ మాటలు తనకీ తగిలినట్టే డాక్టరమ్మ నేల చూపులు చూసింది. ఆ నేల చూపులు చూశాకే నల్లకోళ్లక్కకి ధైర్యం వచ్చింది. తనదే న్యాయమని గట్టిగా అనిపించింది.

సాయంత్రం ఐదున్నరకి, గేటు దగ్గర మందు చల్లే బండ్ల హడావుడిలో కాపలావాడు అటు తిరిగి ఉండగా, ఆమె ఒళ్లు కడుక్కుని, బట్టలు మార్చుకుని, బూట్లు అరుగు మీద బోర్లించి, భుజాన ఖాళీ దాణా సంచీతో బయటికి నడిచింది. ఖాళీ అని చూసేవాళ్లు అనుకోవాలి. లోపల దొర, రెండు పెట్టలు. చీకట్లో పడితే కోడి నోరెత్తదని ఆమెకి తెలుసు. సంచీకి వెనకవైపు నాలుగు చిల్లులు పెట్టింది. బస్సులో ముప్పావుగంట ఒళ్లో పెట్టుకు కూర్చుంది. మూడు ప్రాణాల వెచ్చదనం చీరలోంచి తొడలకి తగులుతుంటే, పక్కసీటు ఆవిడ "ఏంటమ్మా, ఏడుస్తున్నావా?" అని అడిగింది. "కంట్లో నలుసు" అంది.

చెల్లెలి ఇల్లు రెండు గదులు, వెనక చిన్న పెరడు. మొగుడు లారీ మీద పోతే పక్షానికోసారి వస్తాడు. పెరట్లో పదకొండు కోళ్లు పెంచుకుని, వీధిలో వాళ్లకి గుడ్లిస్తుంటుంది. నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది.

"ఏంటే అక్కా, చెప్పా పెట్టకుండా? సంచీలో ఏంటి, నాకు సారె తెచ్చావా?"

"దొరని తెచ్చా."

సంచీ మూతి విప్పగానే దొర తల బయట పెట్టి చుట్టూ చూశాడు. చెల్లెలు నడుం మీద చెయ్యేసుకుంది. "రండి దొరగారూ, రండి! కుర్చీ వెయ్యమంటారా? ... ఒసే అక్కా, ఫారంలో ఏదో జబ్బట కదా, అందరూ చెప్పుకుంటున్నారు."

"తెల్లవాటికి. ఎర్రవాటికి కొంచెం. వీటికి రాలేదు. ఈ జాతికి రాదే. రేపు వీటినీ చంపేస్తారట. ఈ మూడూ బతికితే చాలు, రెండేళ్లలో మళ్లీ అరవై చేస్తాను. పది రోజులు దాచిపెట్టు."

"నావాటికేం కాదుగా?"

ఆమె పెరట్లోకి నడిచి, చెల్లెలి కోళ్లని ఒక్కొక్కటే చూసింది. తురాయిలన్నీ మందారంలా ఎర్రగా ఉన్నాయి. "భేషుగ్గా ఉన్నాయి. వీటి తురాయి ఎర్రగా ఉన్నంతకాలం భయం లేదు. కానీ కలపకు. నీవి వీధుల్లో తిరిగేవి, వాటికేముంటుందో ఏమో, నావాటికి అంటుకోగలదు. దొరని, పెట్టల్ని వంటింటి గోడ పక్కన గంప కింద ఉంచు. పొద్దున్నే ముందు వీటికి దాణా, నీళ్లు. తర్వాతే నీవాటికి. ఎప్పుడైనా బాగున్నవి ముందు. గుర్తుందా?"

"నీ గోడ మీద రాసిందేగా! చిన్నప్పుడు ఎక్కాలు కూడా ఇంతలా చెప్పలేదు నువ్వు" అని నవ్వింది చెల్లెలు. దొర మెడ నిమిరి, వాడి ముక్కుకి తన ముక్కు ఆనించింది. "నా దగ్గరుండగా మీ మీద ఈగ వాలనిస్తానా?"

బుధవారం ఆమె తొలి బస్సుకే ఫారానికి తిరిగొచ్చేసరికి తెల్ల తొడుగుల వాళ్లు పన్నెండుమంది దిగారు. ముఖాలు కనిపించవు, మాట సరిగా వినిపించదు. షెడ్ల ముందు పెద్ద నీలం డ్రమ్ములు, గ్యాసు సిలిండర్లు, గుంటకి అవతల తవ్విన గొయ్యి, దాని అంచున సున్నం బస్తాలు. తెల్లవి అయిపోవడానికి మధ్యాహ్నం దాకా పట్టింది. ఎర్రవి ఇంకో గంట. నల్ల షెడ్డు దగ్గరికి వచ్చేసరికి, కొత్త మనుషుల్ని చూసి కోళ్లు చెదిరిపోయి వలకి కొట్టుకున్నాయి.

"మీరు తప్పుకోండి. నేనిస్తాను" అంది ఆమె.

ఆమెకీ తొడుగు వేశారు. ముందు డాక్టరమ్మ ఇరవై కోళ్ల గొంతుల్లో దూదిపుల్ల పెట్టి, రెక్క కింది నరంలోంచి చుక్క రక్తం తీసింది. "చంపేవాటికి పరీక్షలెందుకు మేడమ్?" అంటే, "నాకు తెలుసుకోవాలని ఉంది" అంది. తర్వాత లెక్క పెట్టింది. రిజిస్టరు చూసింది. మళ్లీ లెక్క పెట్టింది.

"మూడు తక్కువ."

"ముంగిస ఎత్తుకుపోయింది" అంది ఆమె.

"మూడింటినీనా? పుంజుని కూడా?"

"పెద్ద ముంగిస."

గడియారం ఆకాశంకేసి చూశాడు, ఆ తర్వాత మణికట్టుకేసి చూసుకున్నాడు. డాక్టరమ్మ చాలాసేపు ఆమె కళ్లలోకే చూసి, కలం తీసి 61 అని రాసుకుంది. ఆమె ఒక్కో కోడినీ రెక్కలు ఒడిసి పట్టి, గుండెకి ఆనించుకుని నిమిరి, డ్రమ్ము దగ్గరున్న మనిషికి అందించింది. చేతుల్లోకి రాగానే ఒక్కోటీ నెమ్మదించేది. ఆమె చేతులు కదా, వాటికి తెలిసిన చేతులు. ఆఖరి పెట్ట ఆమె తొడుగు మీద మెరుస్తున్న జిప్పుని గింజ అనుకుని ముక్కుతో రెండుసార్లు పొడిచింది.  ఇంత ఆరోగ్యంగా ఉన్నదాన్ని చంపే చట్టం ఏం చట్టమని పైకే అంటూ ఆమె దాన్నీ అందించింది. 

పనివాళ్లందరికీ దాణా గోదాములో మంచాలు వేశారు. పొద్దునా సాయంత్రం జ్వరం చూసి, రోజుకో మాత్ర మింగిస్తున్నారు. దగ్గొచ్చినా, కళ్లు ఎర్రబడినా దాచకుండా చెప్పాలి. ఇది కోడి నుంచి మనిషికి కూడా రావచ్చని డాక్టరమ్మ పదేపదే చెప్పింది. "ఎవరింట్లోనైనా కోళ్లున్నాయా?" అని కూడా అడిగింది. అందరితోపాటు ఆమె కూడా లేవంది.

గురువారం పొద్దున్నే గోదాము వెనక్కి వెళ్లి చెల్లెలికి ఫోను చేసింది. "దొర ఎలా ఉన్నాడే?"

"చంపుతున్నాడనుకో! నాలుగింటికే మొదలు కూత. పక్కింటావిడ కిటికీలోంచి నన్ను తిడుతోంది. పెట్ట కూడా ఒకటి గుడ్డు పెట్టింది, గట్టి గుడ్డు."

ఆమెకి ఒళ్లంతా తేలికైపోయింది. దొర కోలుకున్నాడు. 'కోలుకున్నాడు' అని మనసులో అనుకున్న మరుక్షణం, దేన్నుంచి కోలుకున్నాడన్న ప్రశ్న వచ్చింది. అలక నుంచి, అని తనకి తానే చెప్పుకుంది.

శుక్రవారం చెల్లెలే చేసింది. "అక్కా, నావి రెండు దాణా ముట్టట్లేదే. ముడుచుక్కూచున్నాయి."

తురాయి ఏ రంగులో ఉందని అడగాలి. నోటి దాకా వచ్చింది. పద్నాలుగేళ్లుగా పొద్దున్నే ఆమె అడిగే మొదటి ప్రశ్న అదే. గోదాము గోడకి ఆనుకుని, ఫోను చెవికి గట్టిగా నొక్కుకుని, "ఎండకి అయి ఉంటుంది. బెల్లం నీళ్లు పట్టు" అంది. "ముందు నావాటికే వేస్తున్నావుగా?"

"నువ్వు చెప్పాక తప్పుతానా?"

శనివారం సాయంత్రం చెల్లెలి గొంతు బరువుగా ఉంది. "నాలుగు పోయాయక్కా. ఐదోది పోయేలా ఉంటే, ఊరికే పారెయ్యడమెందుకని కోసేశాను. ఈకలు పీకుతుంటే ఒకటే నెత్తురు కక్కింది, ఛీ..."

"తిన్నావా?" ఆమె గొంతు కీచుగా వచ్చింది.

"బాగా ఉడికించే తిన్నాలే. దాని మొహం, రుచే లేదు. నాకే నోరు చేదుగా ఉందేమో. ఒళ్లు నొప్పులుగా ఉంది, పడుకుంటా."

ఫోను పెట్టేశాక ఆమె మంచం మీద కూలబడింది. గోదాముకి ఎదురుగా, ఈ పది రోజులకీ ఇక్కడే దిగిన డాక్టరమ్మ గది. మధ్యలో ఇరవై అడుగులు. వెళ్లి చెప్తే దొర పోతాడు, రెండు పెట్టలూ పోతాయి, ఆ జాతి ఇక్కడితో ఆఖరు. ఒళ్లు నొప్పులంటే అందరికీ వస్తాయి. చెల్లెలు చిన్నప్పటినించీ ఇంతే, చీమ కుడితే పాము కుట్టినట్టు చెప్తుంది. ఇలా తనని తాను సమాధానపరుచుకుంటూ తెల్లారేదాకా అటూ ఇటూ దొర్లింది. ఆ ఇరవై అడుగులు నడవలేదు.

ఆదివారం పదింటికి డాక్టరమ్మ కాగితాల కట్టతో వచ్చి, బోర్లించిన గుడ్ల పెట్టె మీద ఆమెకి ఎదురుగా కూర్చుంది. ముఖంలో కోపం లేదు.

"పొద్దున్నే మీరు షెడ్లలోకి ఏ వరసలో వెళ్తారమ్మా?"

ఆ ప్రశ్నకి ఆమె నిటారుగా కూర్చుంది. ఈ ఒక్క విషయంలో ఆమెకి వంక పెట్టగలవాళ్లు లేరు. "గోడ మీద రాసినట్టే మేడమ్. బాగున్నవి ముందు. మొదట నల్లవాటి దగ్గరికి. ఆ తర్వాత ఎర్రవి. ఆఖర్న తెల్లవి. పద్నాలుగేళ్లలో ఒక్కరోజు కూడా తప్పలేదు. అవే బూట్లతో జబ్బువాటి దగ్గర్నించి బాగున్నవాటి దగ్గరికి నేనెప్పుడూ..."

"నల్లవాటి పరీక్షలొచ్చాయి" అంది డాక్టరమ్మ మెల్లగా. "ఇరవైలో పదహారింటికి వచ్చింది. అందులో కొన్నిటికి వచ్చి, తగ్గిపోయింది కూడా. అంటే తెల్లవాటి కంటే ముందే. గుంటలో బాతులు దిగాయని మీవాళ్లన్నారు కదా, మొదట వచ్చింది ఆ షెడ్డుకే."

"ఒక్కటి కూడా చావలేదు మేడమ్!"

"అందుకే ఎవరికీ తెలియలేదు. జబ్బుని ఓర్చుకున్నాయి. ఓర్చుకుంటూనే రెట్టలోనూ చీమిడిలోనూ పంచాయి."

"జబ్బు చేస్తే తురాయి నీలం తిరగాలిగా? నేను రోజూ చూశాను. నా కళ్లతో..."

డాక్టరమ్మ కాగితాలు మడిచింది. "నల్ల తురాయి మీద నీలం ఎలా కనిపిస్తుందమ్మా?"

ఆ సోమవారం పొద్దు ఆమె కళ్ల ముందుకొచ్చింది. ఒంటికాలి మీద నిలబడ్డ దొర, ఎనిమిదే గుడ్లు, చేతికి మెత్తగా తగిలిన ఆ పెంకు లేని గుడ్డు. అన్నీ చూసింది. అన్నిటినీ చూసి, గోనెపట్టా మీద బూట్లు తుడుచుకుని, ఎర్రవాటి దగ్గరికి నడిచింది. అక్కణ్ణుంచి తెల్లవాటి దగ్గరికి. రోజూ. ఒక్కరోజు కూడా తప్పకుండా.

"మీ తప్పని కాదు" అంటోంది డాక్టరమ్మ. "మీరు చేసింది రాసి ఉన్నదే. కనిపించని జబ్బు గురించి ఆ గోడ మీద ఎవరూ రాయలేదు."

ఆమె వినడం లేదు. 'ముందు వీటికి దాణా. తర్వాతే నీవాటికి.' తన గొంతే తన చెవుల్లో. దొర ముక్కుకి చెల్లెలు తన ముక్కు ఆనించడం. ఆమె లేచి నిలబడింది.

"అరవై నాలుగు మేడమ్. ముంగిస కాదు. నేనే. మా చెల్లెలింట్లో ఉన్నాయి. అది... దానికి ఒళ్లు నొప్పులట, నిన్నటినించి."

డాక్టరమ్మ తిట్టలేదు. తిడితే బాగుండేది. కాగితాలు అక్కడే వదిలేసి, జీపు డ్రైవరుని కేకేసింది.

జీపులో ఇద్దరూ తొడుగులు వేసుకున్నారు. వెనక సీటులో చిన్న నీలం డ్రమ్ము, సున్నం సంచీ, ఖాళీ పంజరం. దారి పొడుగునా ఆమె ఫోను చేస్తూనే ఉంది. మోగుతోంది, ఎత్తడం లేదు. వీధి మలుపు తిరగ్గానే కూత వినబడింది. దొర కూత. గట్టిగా, స్వచ్ఛంగా, ఎప్పటిలాగే.

గేటు దగ్గర జీపు ఆగింది. దొర పెరటి గోడెక్కి నిలబడి ఉన్నాడు, ఎండలో ఈకలు నిగనిగలాడుతూ. గోడ కింద రెండు నల్ల పెట్టలు తీరిగ్గా మట్టి గీరుకుంటున్నాయి. వాటికి అవతల, గోనెపట్టా మీద చెల్లెలి కోళ్లు వరసగా పడుకోబెట్టి ఉన్నాయి. ఆమె లెక్కపెట్టలేదు. తురాయిల రంగు మాత్రం ఇంత దూరం నుంచీ కనబడింది.

చెల్లెలు గుమ్మంలోకి వచ్చింది. మిట్టమధ్యాహ్నం ఎండలో దుప్పటి కప్పుకుని ఉంది. ఒక చేతిలో దాణా గిన్నె. తెల్ల తొడుగుల్లో ఉన్న ఇద్దర్నీ చూసి మొదట భయపడి, తర్వాత అక్కని నడక బట్టి పోల్చుకుంది.

"నువ్వటే? ఇదేం వేషమే?" నవ్వబోయి దగ్గింది. దగ్గు ఎంతకీ ఆగలేదు. తలుపు పట్టుకుని ఊపిరి తీసుకుంది. "అన్నీ పోయాయక్కా, ఇంక గంప ఎందుకని తీసేశాను. నీవి మాత్రం భద్రంగా ఉన్నాయి, చూడు. జ్వరంలో కూడా లేచి ముందు నీవాటికే వేశాను. నువ్వు చెప్పినట్టే చేశాను."

డాక్టరమ్మ డ్రమ్ము మూత తీసింది. "ముందు ఆ మూడింటినీ పట్టండమ్మా. అవి పక్కింట్లోకి ఎగిరితే కష్టం. మీ చేతికైతే వస్తాయి."

నిజమే, వస్తాయి. ఆమె చెయ్యి చాపితే దొర దూకి వస్తాడు. గోడ మీంచి ఆమెనే చూస్తున్నాడు, తల అటూ ఇటూ తిప్పుతూ. ఆమె మాత్రం చెల్లెలి ముఖం చూస్తోంది. పొద్దున్నే మూడు వేల తురాయిల్ని ఒక్క చూపుతో చూసే కళ్లు చెల్లెలి పెదాల మీద ఆగిపోయాయి. పెదాలకి ఆ అంచునా ఈ అంచునా రంగు మారుతోంది. ఆ రంగు ఆమెకి బాగా తెలుసు.

"మేడమ్," అంది. డాక్టరమ్మ చెయ్యి పట్టుకుని గుమ్మం వైపు తిప్పింది. "ముందు జబ్బుదాన్ని చూడండి. బాగున్నవి తర్వాత."

గోడ మీద దొర మళ్లీ కూశాడు. ఆమె అటు తిరగలేదు.